కారుకి ర్యాప్ వేయించేవారికి కొన్ని తలకిందుల సలహాలు

కారుకి వినైల్ ర్యాప్ వేయిద్దామనుకుంటున్నవారికి చుట్టుపక్కలవాళ్లు ఇచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కొత్త బండికే వేయించు, పెయింటు భద్రంగా ఉంటుంది. ఎక్కడా అతుకు లేకుండా వేసే షాపు చూసుకో. హ్యాండిళ్లూ లైట్లూ విప్పనివ్వకు. సాయంత్రానికల్లా బండి చేతికిచ్చేవాళ్లయితే మరీ మంచిది. చెట్టు నీడన పెట్టుకో. రంగు పోయేదాకా వాడుకుని అప్పుడు పీకించెయ్.

వినడానికి అన్నీ సబబుగానే ఉంటాయి. నేను చెప్పబోయేవి వీటన్నిటికీ అడ్డం తిరిగే మాటలు. మొండివాదనలా అనిపించవచ్చు. కానీ ప్రతి మాట వెనకా ఆ ఫిల్ము తయారయ్యే తీరు ఉంది, మన ఎండ ఉంది, మన రవాణా చట్టం ఉంది. కూడబెట్టిన డబ్బు పోసి ఇష్టంగా వేయించుకున్న ర్యాప్, రెండు వేసవులు గడవకముందే బానెట్ మీద నెర్రెలు బారితే, దాన్ని తీయించబోతే కింద పెయింటు కూడా పొరలుగా లేచొస్తే కడుపు తరుక్కుపోతుంది. అలాంటి బండ్లు చూసీ చూసీ ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఊడదీసేవాళ్లను వెతకండి

రంగుల కేటలాగు ఇంకా తెరవకముందే షాపులో అడగాల్సిన ప్రశ్నలు మూడు: "దీన్ని మూడేళ్ల తర్వాత మీరే తీస్తారా? ఎంత తీసుకుంటారు? గమ్ము మిగిలిపోతే ఎవరి ఖర్చు?" ఇవి విని ముఖం చిట్లించే షాపులో బండి పెట్టకండి. వేయడం నేర్చినవాళ్లు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతున్నారు. పెయింటుకి గీత పడకుండా తీయడం తెలిసినవాళ్లే తక్కువ. వేసేటప్పుడు ఏం చేయకూడదో తీసే పని చేసినవాళ్లకే బాగా తెలుస్తుంది. బ్లేడు ఎంత లోతు దిగిందో, పట్టు పెంచడానికి పూసే ప్రైమర్ ఎక్కడ ఎక్కువైందో, ఏ మూల సాగదీసి అంటించారో అన్నీ తీసేరోజున బయటపడతాయి.

అసలు ఈ వస్తువు వచ్చిందే తీసేయడం కోసం. అప్పటి పశ్చిమ జర్మనీలో టాక్సీలన్నీ లేత దంతపు రంగులో ఉండాలని 1971లో నియమం పెట్టారు. అక్కడి రంగుల పట్టికలో దాని నంబరు ఆర్ఏఎల్ 1015. టాక్సీగా కొన్నేళ్లు తిరిగిన కారుని మామూలు జనానికి అమ్ముదామంటే ఆ రంగే అడ్డం. టాక్సీ అని దూరం నుంచే తెలిసిపోతే కొనేవాళ్లు ధర తగ్గిస్తారు కదా. 1993లో బ్రిటన్‌కి చెందిన కేపీఎంఎఫ్ అనే ఫిల్ముల కంపెనీని ఆ టాక్సీలకి పెయింటుకి బదులు వేయదగ్గ ఫిల్ము తయారుచేసి ఇమ్మని అడిగారు. కారు తన సొంత రంగుతోనే ఉంటుంది, పైన టాక్సీ రంగు ఫిల్ము ఉంటుంది, టాక్సీ పని అయిపోయాక ఫిల్ము తీసేసి అమ్ముకోవచ్చు. కారు మొత్తాన్నీ రంగు ఫిల్ముతో కప్పే పద్ధతి స్థిరపడడానికి ఆ అవసరం పెద్ద ఊతమిచ్చింది. అందుకే ర్యాప్ బాగుందో లేదో వేయించిన రోజు ఫొటోలు చూసి తేల్చకూడదు. తీశాక కింద పెయింటు ఎలా ఉందో చూసి తేల్చాలి.

తీసే పని ఒక్కసారి దగ్గరుండి చూస్తే తేడా తెలుస్తుంది. ఇంకా సత్తువ ఉన్న ఫిల్ముకైతే, ఒక మూల హీట్ గన్‌తో వెచ్చచేసి, గోటితో అంచు లేపి, నెమ్మదిగా వెనక్కి మడుస్తూ లాగుతారు. తలుపు మీది ఫిల్ము ఒకే ముక్కగా చేతికొస్తుంది. గమ్ము కూడా దాదాపు అంతా దానితోపాటే వచ్చేస్తుంది. ఎండిపోయిన ఫిల్ము అలా రాదు. తాజా కోడిగుడ్డుని ఉడకబెట్టి పెంకు వలుస్తుంటే వచ్చినట్టు గోరంత గోరంత ముక్కలుగా విరుగుతుంది. ప్రతి ముక్క కిందా గమ్ము పెయింటునే పట్టుకుని ఉండిపోతుంది. దానికి సాల్వెంటు పూయాలి, మెత్తబడేదాకా ఆగాలి, ప్లాస్టిక్ బ్లేడుతో గీకాలి, తుడవాలి, మళ్లీ పూయాలి. ఒక్క బానెట్‌కే ఒక పూట పట్టవచ్చు.

కాబట్టి ర్యాప్ ఇంకా బాగున్నప్పుడే తీయించండి. చూసినవాళ్లు "బానే ఉందిగా, అప్పుడే ఎందుకు" అంటారు. అననివ్వండి. కంపెనీల వారంటీ కాగితాలు చదివితే సంగతి అర్థమవుతుంది. నిలువుగా ఉండే తలుపులకి ఒక లెక్క, ఆకాశం వైపు చూసే బానెట్‌కీ టాప్‌కీ డిక్కీ మూతకీ అంతకన్నా తక్కువ లెక్క. పైగా ప్రపంచాన్ని ఎండ తీవ్రతను బట్టి మండలాలుగా విడదీసి, వేడి ప్రాంతాలకి ఆ ఏళ్లు ఇంకా కుదిస్తారు. కేటలాగులో పెద్దక్షరాలతో కనిపించే అంకె చల్లని దేశంలో నిలువు భాగానికి వర్తించేది. రెంటచింతలలోనో రామగుండంలోనో ఆరుబయట నిలబడే కారు టాప్‌కి అది వర్తించదు. బయట పార్కింగ్ అయితే బానెట్, టాప్ మూడో వేసవి రాకముందే తీయించాలని నా అభిప్రాయం. తలుపులు ఇంకొంతకాలం ఉండనివ్వవచ్చు. బానెట్ అంచుల్లో సన్నటి నెర్రెలు కనిపించాయంటే ఆలస్యమైపోయినట్టే. ఆ వారమే షాపుకి వెళ్లండి.

పెయింటు కాపాడుకోవడానికి ర్యాప్ వేయించకండి

కొత్త కారు డెలివరీ తీసుకుని తిన్నగా ర్యాప్ షాపుకే పోతున్నారు చాలామంది. రంగు మార్చాలన్న సరదా ఉంటే అది వేరే సంగతి. పెయింటు కోసమే అయితే డబ్బు తప్పుచోట పెడుతున్నారు. ర్యాప్ ఫిల్ము పీవీసీతో చేస్తారు. గమ్ముతో కలిపి మందం సుమారు 100 మైక్రాన్లు, అంటే దాదాపు మిల్లీమీటరులో పదో వంతే. ఎండనీ చిన్నచిన్న గీతల్నీ కొంత ఆపుతుంది, కాదనను. విజయవాడ హైవే మీద ముందుపోయే లారీ టైరు విసిరిన కంకరరాయిని మాత్రం ఆపలేదు. ఫిల్ము చిరుగుతుంది, కింద పెయింటు చిట్లుతుంది, చిరిగిన చోట నీళ్లు దిగుతాయి.

రాళ్ల దెబ్బ నుంచి కాపాడడానికి చేసింది పీపీఎఫ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. అది థర్మోప్లాస్టిక్ పాలీయూరెథేన్, మందం 150 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటుంది. మంచి రకమైతే పైపై గీతలు ఎండ వేడికో వేడినీళ్లకో వాటంతటవే మాసిపోతాయి. ఖరీదు ఎక్కువే. అయినా బంపరు, బానెట్ ముందుభాగం, అద్దాల వెనక డొప్పలు, ఈ మూడింటికి పీపీఎఫ్ వేయించి మిగతాది వదిలేసినా, పెయింటు విషయంలో కారు మొత్తానికి ర్యాప్ వేయించినదానికంటే ఎక్కువ మేలు.

బానెట్‌కీ టాప్‌కీ మాత్రమే రంగు ఫిల్ము వేయించి ఏళ్ల తరబడి ఉంచేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఫిల్ము కింద పెయింటుకి ఎండ తగలదు, పక్కన తలుపుల పెయింటు రోజూ మాడుతుంది. తీసేరోజున బండి రెండు రంగుల్లో కనిపిస్తుంది, ముఖ్యంగా ఎరుపు రంగు కార్లకి.

పెయింటు పాడైందని ర్యాప్ వేయించకండి

పై సలహాకి ఇది ఎదురుగా ఉన్నట్టుంటుంది. కొత్తదానికీ వద్దని, పాతదానికీ వద్దంటే ఇంకెప్పుడు? కంపెనీ పెయింటు గట్టిగా ఉండి, మీకు రంగు మారాలన్న కోరిక నిజంగా ఉన్నప్పుడు. మూడు నాలుగేళ్లు తిరిగి, ఎక్కడా డెంటింగ్ పెయింటింగ్ జరగని కారు ర్యాప్‌కి చక్కటి కారు.

ఫిల్ము చాలా పల్చన. కింద ఏముందో పైకి చూపించేస్తుంది. సొట్ట సొట్టలాగే, తుప్పు బుడిపె బుడిపెలాగే, పుట్టీ పెట్టిన చోటు అంచు గీతలాగే కనిపిస్తాయి. గ్లాసీ రంగైతే ఇంకా ఎక్కువ. క్లియర్ కోట్, అంటే పెయింటు పైన ఉండే పారదర్శక పొర, పొట్టులా లేస్తున్న టాప్ మీద వేయిస్తే గమ్ము ఆ పొట్టునే పట్టుకుంటుంది. తీసేటప్పుడు పొట్టుతోసహా వస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం బయట మళ్లీ పెయింటు వేయించిన భాగం. ఫ్యాక్టరీలో పెయింటుని పెద్ద ఓవెన్లలో కాల్చి గట్టిపరుస్తారు. బయట వేసిన పెయింటుకి అంత పట్టు అన్నిసార్లూ ఉండదు. వినైల్‌ని లాగితే పుట్టీదాకా పొర లేచిన తలుపులు ఉన్నాయి. అందుకే వారంటీలన్నీ కంపెనీ పెయింటుకే పరిమితం. సెకండ్ హ్యాండ్ కారైతే పెయింటు మందం కొలిచే మీటరు ఉన్న షాపుకే వెళ్లండి. ఫ్యాక్టరీ పెయింటు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు దగ్గర మాత్రం అంకె 250, 300 అని లేచిందంటే అక్కడ ఎవరో పని చేశారన్నమాట. ఆ భాగం గురించి ముందే మాట్లాడుకోవాలి, బిల్లు మీద రాయించుకోవాలి. నిన్న పెయింటు వేసి నేడు ఫిల్ము అంటించడం ఇంకా ఘోరం. తాజా పెయింటులోంచి సాల్వెంటు ఆవిరి చాలా రోజులు బయటికి వస్తూనే ఉంటుంది. పైన మూత పడితే పోయే దారిలేక బుడగలు కడుతుంది. పెయింటు కంపెనీ ఎన్నాళ్లు ఆరనివ్వమందో అన్నాళ్లూ ఆగండి. ఆ లెక్క చెప్పేవాళ్లు లేకపోతే నెల రోజులు ఆగండి.

సిరామిక్ కోటింగ్ ఉన్న కారైతే ఆ సంగతి షాపులో దాచకండి. నీళ్లని నిలవనివ్వని కోటింగ్ గమ్ముని మాత్రం నిలవనిస్తుందా? ముందు దాన్ని తీసేయాలి.

చెత్తబుట్టలోని కాగితం అడిగి తెచ్చుకోండి

వినైల్ ఫిల్ములో రెండు జాతులున్నాయి. మొదటిది కాస్ట్. ద్రవంగా ఉన్న పదార్థాన్ని నున్నటి షీటు మీద పల్చగా పోసి, ఓవెన్లో ఆరబెడతారు. ఎవరూ లాగి సాగదీయలేదు కాబట్టి దానిలో బిగువు ఉండదు. వంపులో కూర్చోబెడితే కూర్చుంటుంది. రెండోది క్యాలెండర్డ్. మెత్తటి ముద్దని వేడి రోలర్ల మధ్య నొక్కి నొక్కి షీటుగా లాగుతారు. ఆ లాగుడు దానికి గుర్తుంటుంది. వేడి తగిలినప్పుడల్లా వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. బోర్డులకీ, వ్యాన్ల పక్కన చదునుగా ఉండే చోట పేరు అంటించుకోవడానికీ క్యాలెండర్డ్ సరిపోతుంది. కారు మొత్తానికి వేస్తే మే నెలలో ప్రతి అంచు దగ్గరా మిల్లీమీటరు మేర పాత రంగు తొంగిచూడడం మొదలవుతుంది. ఆ సందులో దుమ్ము గమ్ముకి అంటుకుని నల్లటి గీత కడుతుంది.

వేసిన రోజు కంటికి రెండూ ఒకటే. ధరలోనే తేడా, అందుకే మోసం కూడా అక్కడే. త్రీఎం 2080, ఏవరీ డెనిసన్ సుప్రీమ్ ర్యాపింగ్ ఫిల్మ్, ఒరాకల్ 970ఆర్ఏ, ఇలాంటి పేర్లున్న కాస్ట్ సిరీస్‌లకి ధర చెప్పి ఏదో పేరులేని రోలు వేసేస్తే మీకెలా తెలుస్తుంది? ఫిల్ము వెనక ఒలిచి పారేసే కాగితం ఉంటుంది, దానిమీద తయారీదారు పేరు అచ్చువేసి ఉంటుంది. పని జరిగేరోజు వెళ్లి, ఒలిచిన కాగితాల్లో మీ బానెట్‌దీ ఒక తలుపుదీ అడిగి తెచ్చుకోండి. రోలు పెట్టె మీది లేబుల్ ఫొటో తీసుకోండి. బిల్లులో "ర్యాపింగ్" అని ఒక్కమాట రాసి ఊరుకోకుండా కంపెనీ, సిరీస్, రంగు కోడు రాయించండి. రేపు వారంటీ అడిగితే మాట్లాడేవి ఆ కాగితాలే.

రంగుల్లో క్రోమ్‌ని వదిలేయమనే నా సలహా. దాని ఆయుష్షు మిగతా రంగులకంటే బాగా తక్కువ, చిన్న గీత పడినా దాయలేరు, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో సూర్యుణ్ణి కొడుతుంది. పైగా బంపరు వెనకో లోగో వెనకో రాడార్ ఉన్న కొత్త కార్లలో లోహపు పొడి ఉన్న ఫిల్ములు ఆ రాడార్‌కి అడ్డు రాగలవు. అలాంటి కారుకి ఏ రంగు వేయిస్తున్నా కారు మాన్యువల్ చూడకుండా ఆ భాగం కప్పించవద్దు.

అతుకు కావాలని అడగండి

"సింగిల్ పీస్‌లో బంపర్ వేస్తాం సార్" అనేది షాపుల గొప్ప. మనం కూడా దానికే పడిపోతాం. ఇప్పటి కార్ల ముందు బంపరు ఒకసారి వేలితో తడిమి చూడండి. ఫాగ్ ల్యాంప్ చుట్టూ లోయ, దాని పక్కన గాలి పోయే గూడు, కింద పెదవి, మళ్లీ లోపలికి మడత. 1.52 మీటర్ల వెడల్పున్న చదును ఫిల్ము అతుకు లేకుండా ఇన్ని గుంటల్లోకి దిగాలంటే విపరీతంగా సాగాలి. సాగినచోట పల్చబడుతుంది, రంగు ఒక ఛాయ తగ్గుతుంది, గమ్ము కూడా పల్చబడుతుంది. పైగా అది తన పాత కొలతకి తిరిగిపోవాలని చూస్తుంది. డెలివరీ రోజు అద్దంలా మెరిసిన గూడు, పది రోజులు ఎండలో తిరిగాక లోపల డేరాలా లేచి నిలబడుతుంది. వేలితో నొక్కితే అంటుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ లేస్తుంది.

పని తెలిసినవాళ్లు ఆ గూటికి విడిగా ఒక ముక్క ముందు వేసి, దానిమీదికి పెద్ద ముక్కని కొద్ది మిల్లీమీటర్లు ఎక్కించి, అతుకు గీత బంపరు మడతలోనే కలిసిపోయేట్టు తెస్తారు. నిలబడి చూస్తే కనపడదు, వంగి వెతికితే కనపడుతుంది. ఆ అతుకే ర్యాప్‌ని కాపాడుతుంది. కాబట్టి బంపర్లో అతుకులు ఎక్కడ పెడతారో ముందే చూపించమనండి. "అసలు అతుకే ఉండదు" అన్నవాళ్లకి నమస్కారం పెట్టి వచ్చేయండి.

సాగిన చోట్లకి ఆఖర్లో మళ్లీ వేడి పెట్టాలి. హీట్ గన్‌తో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరకో, ఆ ఫిల్ము కంపెనీ చెప్పిన అంకెకో తీసుకెళ్తే ఫిల్ములోని బిగువు చచ్చిపోయి, కొత్త ఆకారమే తన ఆకారమని కుదురుకుంటుంది. చేత్తో తాకి "వేడెక్కింది" అంటే చాలదు. గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు షాపు కుర్రాళ్ల చేతిలో ఉందో లేదో చూడండి. మొత్తం షాపులో నేను మొదట వెతికే పనిముట్టు అదే. కొందరు ఈ శ్రమ తప్పించుకోవడానికి అంచులన్నిటికీ ప్రైమర్ పూసేస్తారు. బ్రహ్మాండంగా అంటుకుంటుంది. తీసేరోజున ఫిల్ము వస్తుంది, గమ్ము రాదు. ప్రైమర్ ఎక్కడెక్కడ వాడతారో అడగండి, పెయింటు మీద వద్దని చెప్పండి.

కారు విప్పనివ్వండి, రోజులు తీసుకోనివ్వండి

"ఒక్క స్క్రూ కూడా ముట్టుకోవద్దు" అనే యజమానుల భయం నాకు అర్థమవుతుంది. క్లిప్పులు విరగ్గొడతారని, తర్వాత తలుపులో కటకట శబ్దం వస్తుందని భయం. నిజమే, చేతకానివాళ్లు విరగ్గొడతారు కూడా. కానీ హ్యాండిల్ విప్పకపోతే ఫిల్ముని హ్యాండిల్ చుట్టూ కోయాలి. కోయడమంటే మీ పెయింటు మీద బ్లేడు నడపడం. చెయ్యి ఒక్క రవ్వ బరువైతే క్లియర్ కోట్ తెగుతుంది. అది ఫిల్ము కింద ఉన్నన్నాళ్లూ కనపడదు. తీశాక హ్యాండిల్ చుట్టూ, లైట్ల చుట్టూ, లోగో చుట్టూ వెంట్రుకంత గీతలు. నీళ్లు దిగిన గీతలైతే తుప్పు రంగులో.

అందుకే విప్పదగినవన్నీ విప్పమనండి. ఫిల్ము అంచు భాగం చివరికి పోయి లోపలికి మడత తిరగాలి. విప్పలేని చోట నైఫ్‌లెస్ టేపు వాడమనండి. ఇది సన్నటి టేపు, మధ్యలో గట్టి దారం ఉంటుంది. ఎక్కడ తెగాలో ఆ గీత వెంబడి పెయింటు మీద ముందే అంటించి, పైన ఫిల్ము పరిచి, స్క్వీజీతో, అంటే ఫిల్ముని అదిమే ప్లాస్టిక్ పలకతో, నొక్కి, ఆ దారం కొస పట్టుకుని లాగితే కింద నుంచి పైకి ఫిల్ము నున్నగా కోసుకుపోతుంది. బ్లేడు పెయింటుని ముట్టుకోదు. ఈ టేపు రోలు చూపించమంటే ఉత్సాహంగా తెచ్చి చూపించే షాపు దొరికితే సగం పని అయినట్టే.

ఇంత పని ఒక్క పూటలో అవదు. కడగడం, క్లే బారుతో రుద్దడం, తలుపు అంచుల్లో మైనం మిగలకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవడం, దీనికే చాలా సమయం పోతుంది. మూడు నాలుగు రోజులు బండి వదిలిపెట్టమన్న షాపునే నమ్మండి. దసరా ముందు వారం, సంక్రాంతి ముందు వారం, పెళ్లిళ్ల ముహూర్తాల రోజుల్లో మాత్రం ఎంత మంచి షాపుకీ ఇవ్వకండి. రద్దీలో చేతులు పరిగెడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గది లేని చోట అసలే వద్దు. రేకుల షెడ్డులో 42 డిగ్రీల వేడికి ఫిల్ము మెత్తబడి చేతిలో సాగిపోతుంది, గమ్ము తాకీ తాకగానే పట్టేసుకుంటుంది, సరిచేసే వీలుండదు. డిసెంబరు, జనవరి హాయి.

రంగు ఎంచుకోకముందే ఆర్టీఓ ఆఫీసుకి

ర్యాప్ పెయింటు కాదు కాబట్టి చెప్పక్కర్లేదన్న మాట బాగా చెలామణిలో ఉంది. దాన్ని నమ్మకండి. మీ ఆర్సీలో కారు రంగు రాసి ఉంటుంది. రోడ్డు మీద తనిఖీ చేసే అధికారి ఆర్సీలో తెలుపు చూసి, ఎదురుగా నీలం కారు చూస్తే, అది పెయింటా ఫిల్మా అన్నది ఆయనకి రెండో సంగతి. బండి ఆర్సీలోని వివరాలకి భిన్నంగా మారకూడదని, మారిస్తే రిజిస్టరింగ్ అధికారికి తెలపాలని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉద్దేశం. ముందే వెళ్లి అడిగి, రంగు మార్పు రాయించుకోండి. లోను తీరని బండైతే ఫైనాన్స్ వాళ్ల అంగీకారం కూడా తీసుకోండి. ఆలివ్ గ్రీన్ జోలికి వెళ్లకండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ఆ రంగుని రక్షణ శాఖ వాహనాలకే కేటాయించింది. షాపు కేటలాగులో మిలిటరీ గ్రీన్ మ్యాట్ అని అందంగా ఉంటుంది. అది కేటలాగులోనే ఉండనివ్వండి.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. గుద్దుకున్న తలుపు మార్చి పెయింటు వేయించడం క్లెయిములో వస్తుంది. దానిమీద ఫిల్ము ఖర్చు రావాలంటే అది పాలసీలో ఎక్కి ఉండాలి.

కారు రంగుకి దగ్గరగా ఉండే రంగే ఎంచుకోమంటాను. తలుపు తెరిస్తే లోపలి అంచుల్లో పాత రంగే ఉంటుంది, చాలా షాపులు అక్కడ వేయవు. తెల్ల కారుకి నల్ల ఫిల్ము వేయిస్తే తలుపు తెరిచిన ప్రతిసారీ తెల్లటి చట్రం, చిన్న చిరుగు పడితే తెల్లటి మచ్చ. అదే బూడిద కారుకి ముదురు బూడిద మ్యాట్ వేయిస్తే ఏ చిరుగూ అంత కొట్టొచ్చినట్టు కనపడదు.

చెట్టు నీడన పెట్టకండి, బానెట్ మీద పసుపు పెట్టకండి

నీడ కావాలి, కానీ చెట్టు నీడ వద్దు. నేరేడు చెట్టు కింద ఒక్క జూన్ నెల పెట్టి చూడండి, మ్యాట్ ఫిల్ము మీద ఊదా మచ్చలు శాశ్వతంగా ఉండిపోతాయి. పిట్ట రెట్ట, చెట్టు జిగురు, పెట్రోలు పోయించుకునేటప్పుడు ఒలికిన చుక్క, ఈ మూడింటినీ సాయంత్రానికి వాయిదా వేయకూడదు. ఒక తడిగుడ్డ, సబ్బునీళ్ల సీసా డిక్కీలో ఉంచుకోండి. బండి పెట్టడానికి రేకు షెడ్డు, సెల్లారు, ఏదీ లేకపోతే గాలాడే కవరు.

కొత్త ర్యాప్‌ని వారం దాకా కడగకండి. తర్వాత చేత్తోనే కడగండి. ప్రెషర్ వాషర్ తప్పనిసరైతే గన్ను అడుగు దూరంలో, ఫిల్ముకి తిన్నగా ఎదురుగా, వెడల్పుగా చిమ్మే నాజిల్‌తో పట్టుకోవాలి. అంచుకి ఏటవాలుగా కొడితే నీరు ఫిల్ము కిందికి దూరి విప్పుకుంటూ పోతుంది. వాటర్ సర్వీసింగ్ కుర్రాడికి ఇది మీరే చెప్పాలి, పక్కన నిలబడి మరీ చెప్పాలి. మ్యాట్ ఫిల్ముకి వ్యాక్స్ పూస్తే మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. పూయనివ్వకండి.

ఆయుధపూజ నాడు బానెట్ మీద గంధం, పసుపు, కుంకుమ పెట్టకుండా ఎలా అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. పూజ మానమని నేను చెప్పను. పసుపు, కుంకుమల రంగు పీవీసీలోకి ఇంకుతుంది, తెల్ల ఫిల్ముకీ మ్యాట్ ఫిల్ముకీ మరీను. బొట్టు ముందు అద్దానికి పెట్టండి, టైర్లకి పెట్టండి. నిమ్మకాయలు టైర్ల కిందే కదా పెట్టేది. పెళ్లికి బండి ఇస్తే పూలదండలు టేపుతో అంటించనివ్వకండి. ఆ టేపు లాగినప్పుడు ఫిల్ము అంచు కూడా దానితో లేస్తుంది. దారంతో కట్టమనండి.

కావాల్సినదానికంటే ఎక్కువ ఫిల్ము కొనండి

మధ్యరకం కారుకి 15 నుంచి 20 మీటర్ల ఫిల్ము పడుతుంది. దానికి ఇంకో రెండు మీటర్లు కలిపి కొని, మిగిలింది ఇంటికి తెచ్చుకోండి. వృథా ఖర్చు అంటారు. ఏడాది తర్వాత ఆటో రాసుకుపోయి ఒక తలుపు పాడైతే, అదే రంగు కోడుతో కొన్న కొత్త రోలు కూడా పాతదానితో అచ్చంగా కలవకపోవచ్చు. ఒక్కో తయారీలో ఛాయ రవ్వంత మారుతుంది. మెటాలిక్ రంగైతే ఫిల్ముకి దిశ కూడా ఉంటుంది, తలకిందులుగా వేస్తే వెలుగులో వేరే రంగులా కనిపిస్తుంది. కాబట్టి మిగిలిన ముక్క మీద ఏది పైవైపో బాణం గుర్తు వేయించుకోండి. మడత పెట్టకుండా, రంగు పైకి వచ్చేట్టు అట్టగొట్టానికి చుట్టి, వేడి తగలని గదిలో పెట్టండి. గొట్టం లోపల ఆ బిల్లు, వెనక కాగితం ముక్క పెట్టి, పైన మార్కర్‌తో సిరీస్ పేరు, రంగు కోడు, వేయించిన తేదీ రాసి ఉంచండి.